సోయాచేలో తెల్లతోక

వేట కాలం ఇంకా మొదలవలేదు. తుపాకులు ఇంట్లో బీరువాల్లోనే ఉన్నాయి. అయినా అమెరికా పల్లెల్లో వేటగాళ్లు ఒకరి ఊరికి ఒకరు వందల మైళ్లు ప్రయాణం చేసి వస్తున్నారు, తెల్లతోక జింకను చూడటానికి, ఫిల్ము తీయడానికి. విస్కాన్సిన్ నుంచి ముఖచిత్ర కథనం.

ఆగస్టులో ఇక్కడ పొద్దు ఎనిమిది దాటితే గానీ గుంకదు. ఏడు గంటల వేళ ఎండ పసుపు తిరుగుతుండగా బఫెలో కౌంటీ కంకర రోడ్ల మీద పికప్ ట్రక్కులు ఒక్కొక్కటే వేగం తగ్గిస్తాయి. సోయాచేను బాగా కనబడే మలుపు చూసుకుని రోడ్డు వారగా ఆగుతాయి. ఇంజను ఆపేస్తారు. ఎవరూ దిగరు. అద్దం దించి, ఆ అంచు మీద చిన్న ఇసుక దిండు వేసి, దాని మీద పొడవాటి లెన్సు ఆనిస్తారు. ట్రక్కు ఆగితే జింకలు బెదరవు. పొలాల్లో రోజూ తిరిగే బండే కదా అని తలెత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి. తలుపు తెరిచిన చప్పుడైందో, మరుక్షణం చేను ఖాళీ.

లోపల కూర్చున్నది వేటగాళ్లే. కాకపోతే ఈ రాష్ట్రంలో విల్లుతో వేటాడే కాలం సెప్టెంబరు నడిమికి గానీ రాదు. తుపాకీ కాలం నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు నడుస్తుంది. ఇప్పుడు జరిగేదాన్ని వీళ్లు స్కౌటింగ్ అంటారు. పోతులు ఎక్కడ పడుకుంటున్నాయి, ఏ దారిన చేలోకి దిగుతున్నాయి, నిరుడు వదిలేసిన పోతు ఈ ఏడు ఎలా ఉంది, ఇవన్నీ చూసి పెట్టుకోవడం. ఆ చూసేటప్పుడు పక్కన ఇంకో వేటగాడుంటే బాగుంటుందని మిత్రుణ్ణి పిలుస్తారు. మిత్రుడు కెమెరా పట్టుకుని వస్తాడు.

వేట అనగానే మన కళ్ల ముందు కదిలేది చివరి క్షణం. గురి, చప్పుడు, పడిపోయిన జంతువు. ఏడాదిలో ఆ క్షణం ఒకసారి వస్తుంది, కొన్నేళ్లయితే అసలు రాదు. మిగతా కాలమంతా వీళ్లు చేసేది చూడటమే. ఆ చూపులోంచే ఈ దేశంలో వన్యప్రాణి ఫొటోగ్రఫీ పుట్టిందనీ, ఈ జింక బతికి బట్టకట్టడంలో ఆ చూపుకు పెద్ద వాటా ఉందనీ చెప్పడానికే ఈ కథనం. నేను వేటగాణ్ణి కాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది, అది అలాగే ఉండాలని గట్టిగా నమ్మేవాణ్ణి. అయినా ఈ మనుషుల దగ్గర మనం నేర్చుకోవలసిన సంగతి ఒకటుంది.

మంచు తాకని నేల

బఫెలో కౌంటీ విస్కాన్సిన్ పడమటి అంచున, మిసిసిపి నది ఒడ్డున ఉంటుంది. జనం పదమూడు వేలు. కౌంటీ కేంద్రం ఆల్మా, నదికీ కొండకీ మధ్య ఇరుక్కున్న సన్నటి ఊరు. మంచుయుగంలో ఉత్తర అమెరికాను చదును చేస్తూ దిగిన హిమానీనదాలు ఈ భూభాగాన్ని తాకకుండా పక్కల నుంచి వెళ్లిపోయాయి. దీన్ని డ్రిఫ్ట్‌లెస్ ఏరియా అంటారు. చుట్టూ వందల మైళ్లు బల్లపరుపు నేల, ఇక్కడ మాత్రం ఎగుడుదిగుడు గుట్టలు, లోతైన లోయలు, సున్నపురాతి చరియలు. గుట్టల తలల మీద మొక్కజొన్న, సోయా. వాలుల్లో ఓక్ అడవి. లోయ అడుగున వాగు, వాగు పక్కన పశువుల కోసం వేసిన అల్ఫాల్ఫా గడ్డి.

జింకకు ఇంతకంటే ఏం కావాలి? పడక వాలులో, మేత పైన, నీళ్లు కింద. ట్రాక్టరు ఎక్కలేని వాలులు కాబట్టి అడవి నరికివేతకు గురికాలేదు. నేలలో సున్నం ఉంది, ఏడాది పొడవునా తిండి ఉంది. కొమ్ముల కొలతల రికార్డు పుస్తకాల్లో అమెరికా కౌంటీలన్నిటిలోనూ ముందు వరసలో వినిపించే పేరు బఫెలో కౌంటీదే. ఆ పేరు వల్ల ఇక్కడ భూమి ధర పెరిగింది, వేట హక్కుల కోసం కౌలుకు తీసుకునేవాళ్లు వచ్చారు. ఒకప్పుడు అడిగితే చాలు, వెళ్లమనే రైతులు ఇప్పుడు గేటుకు తాళం వేసుకుంటున్నారు. ఆ తాళం తీసి మిత్రుణ్ణి లోపలికి తీసుకెళ్లడమంటే మామూలు మర్యాద కాదు.

ఈ జింక గురించి మన పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలి. శాస్త్రీయ నామం ఒడొకోయిలియస్ వర్జీనియానస్. కెనడా నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాకా బతుకుతుంది. బెదిరినప్పుడు తోక నిటారుగా ఎత్తి, అడుగున ఉన్న తెలుపు చూపిస్తూ దూకుతుంది, ఆ పేరు అందుకే. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర జంతువైన చుక్కల దుప్పికి అవి రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. తెల్లతోకది దుప్పి వంశం. దుప్పికి ఒంటి మీద చుక్కలు చచ్చేదాకా ఉంటే, తెల్లతోకకు పిల్లప్పుడే ఉంటాయి. మే, జూన్ నెలల్లో పుట్టిన పిల్ల చలి మొదలయ్యేసరికి చుక్కలు రాల్చేసుకుంటుంది.

ఆగస్టు నెలే ఎందుకంటే, కొమ్ములు పూర్తిగా ఎదిగేది ఇప్పుడే. వసంతంలో మొలకెత్తిన కొమ్ము మీద సన్నటి నూగు తోలు ఉంటుంది, లోపల నెత్తురు ప్రవహిస్తుంటుంది. జంతు ప్రపంచంలో ఇంత వేగంగా పెరిగే కణజాలం బహు తక్కువ. పగలు తగ్గుతున్నకొద్దీ పోతు ఒంట్లో హార్మోన్లు మారతాయి. సెప్టెంబరు మొదట్లో ఆ తోలు ఎండి పగిలితే, పోతు కొమ్ముల్ని చిన్న చెట్లకు రాసి ఒకటి రెండు రోజుల్లో ఊడ్చేస్తుంది. అప్పటిదాకా పోతులన్నీ గుంపుగా, స్నేహంగా మేస్తాయి. లేత సోయా ఆకు కోసం ఇంకా వెలుతురు ఉండగానే బయటికొస్తాయి. తోలు ఊడిందో, అంతటితో స్నేహం సరి. గుంపు విడిపోతుంది, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు. సోయా ఆకు పసుపు తిరగ్గానే జింకలు ఆ చేను వదిలి ఓక్ కాయల కోసం అడవిలోకి మళ్లుతాయి. ఆగస్టులో రోజూ కనబడిన పోతు అక్టోబరులో అసలు ఆ ఛాయలకే రాకపోవచ్చు. చూడాలన్నా, ఫిల్ము తీయాలన్నా ఈ నాలుగు వారాలే.

ట్రక్కులో ముగ్గురం

నాకు చోటిచ్చిన రైతు అరవై దాటిన మనిషి. పాడి తీసేసి ఇప్పుడు మొక్కజొన్న, సోయా వేస్తున్నాడు. ఆయన మిత్రుడు ఒహాయో నుంచి వచ్చాడు. విల్లుతో వేటాడతాడు, వేటాడేది తన ఊళ్లోనే. ఇక్కడ ఒక్క బాణం కూడా వేయడు. ప్రతి వేసవీ వచ్చి నాలుగు సాయంత్రాలు ఈ పొలాల అంచున కూర్చుంటాడు. చలికాలం చివర్లో ఈయన ఒహాయో వెళ్లి, ఆయన పొలంలో రాలిన కొమ్ములు ఏరడానికి సాయపడతాడు. వాళ్ల స్నేహం ఈ రాకపోకల మీదే నిలబడి ఉంది.

బయల్దేరే ముందు రైతు నా బట్టల వైపు చూసి, "ట్రక్కు దిగకుండా ఉంటే ఫరవాలేదు గానీ, దిగాల్సొస్తే ఆ నీలం జీన్సు వద్దు" అన్నాడు. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగా ఆనవు, నీలం మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తుపాకీ కాలంలో వేటగాళ్లంతా మండే నారింజ రంగు చొక్కాలు వేసుకోవడంలో రహస్యం అదే. తోటి వేటగాడికి కనబడతారు, జింకకు కనబడరు. విస్కాన్సిన్ 2016లో మండే గులాబీ రంగును కూడా అనుమతించింది.

గాలి పడమటి నుంచి వీస్తోంది. అందుకని చేనుకు తూర్పున ఆపాడు, మన వాసన వాటివైపు పోకుండా. కొండ ప్రాంతంలో గాలికి ఇంకో గుణం ఉంది. పొద్దు వాలి నేల చల్లబడగానే చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది, పొద్దున ఎండెక్కితే పైకి లేస్తుంది. వాతావరణ సూచనలో ఉన్న గాలి వేరు, లోయలో పారే గాలి వేరు. చిటికెడు పొడి గాల్లోకి వదిలి అది ఎటు పోతుందో చూసుకుని గానీ ఆయన ఎక్కడా ఆగలేదు.

మొదట లేళ్లు వచ్చాయి, వెనక పిల్లలు. ఒహాయో ఆయన వాటిని కూడా తీస్తున్నాడు. పోతులు వచ్చేదాకా కెమెరా ఆపుకోవచ్చు కదా అన్నాను. "లేడి వెంట పిల్లలు ఎన్ని ఉన్నాయో చూడు. రెండుంటే నేల బాగున్నట్టు. పిల్లలు లేని లేళ్లు ఎక్కువగా కనబడితే ఏదో తేడా ఉన్నట్టు," అన్నాడు కంటి నుంచి కెమెరా తీయకుండానే. తర్వాత తెలిసింది, విస్కాన్సిన్ సహజ వనరుల శాఖ ప్రతి ఆగస్టు, సెప్టెంబరుల్లో ప్రజల్ని అడిగేది సరిగ్గా ఇదే. ఎక్కడ ఎన్ని లేళ్లు, ఎన్ని పిల్లలు, ఎన్ని పోతులు చూశారో రాసి పంపమంటుంది. ఆ కార్యక్రమం పేరు ఆపరేషన్ డీర్ వాచ్. లేడికి ఎన్ని పిల్లలన్న లెక్క ఆ ఏటి సంతతి అంచనాకు ఆధారాల్లో ఒకటి. రోడ్డు పక్కన ఆగిన ఈ ట్రక్కులు తెలిసో తెలియకో ఆ పని చేస్తున్నాయి.

ఎనిమిదికి పది నిమిషాలుందనగా ఓక్ చెట్ల నీడలోంచి పోతులు బయటికొచ్చాయి. ఒకటి, రెండు, కాస్త ఆగి మూడోది. నాకు కొమ్ములు తప్ప ఇంకేమీ కనబడలేదు. వాళ్లిద్దరూ కొమ్ముల ఊసెత్తలేదు.

"నడుము చూడు, ఇంకా సన్నగానే ఉంది. మూడేళ్లు."

"మెడ?"

"మెడ వేరుగా, ఛాతీ వేరుగా తెలుస్తోంది. మూడే."

"వెనక దానికి పొట్ట జారింది. కాళ్లు కురచగా కనబడుతున్నాయి. ఐదు, కాకపోతే ఆరు."

"నిరుడు కుడి చెవికి చీలిక ఉన్నదే కదా?"

"అదే. బతికుంది!"

ఆ చివరి మాటలో ఉన్న సంతోషం నన్ను కదిలించింది. నవంబరులో ఎదురుపడితే ఆ పోతు మీదే రైతు బాణం ఎక్కుపెడతాడు. అయినా చలికాలం గడిచి, రోడ్ల మీద కార్లను తప్పించుకుని, జబ్బుల పాలు పడకుండా అది ఇంకా ఉన్నందుకు ఆయన గొంతు మారింది. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయని దూరం నుంచి అడగడం తేలిక. పక్కన కూర్చుంటే, నెలల తరబడి ఒక జంతువును గమనించిన మనిషికి అది చచ్చినా బతికినా సొంత సంగతే అవుతుందని అర్థమవుతుంది.

చెప్పకూడనివి

ఇక్కడ రాయని కట్టుబాట్లు చాలా ఉన్నాయి. మిత్రుడు చూపించిన పోతును అతిథి ఎప్పటికీ తనదనుకోకూడదు. చూసిన చోటు మూడో మనిషికి చెప్పకూడదు. అతిథిగా వచ్చి, మరుసటేడు పక్క పొలం కౌలుకు తీసుకున్నవాడి గురించి ఈ పల్లెల్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు, ఆ చెప్పుకోవడంలో క్షమ ఉండదు. ఫిల్ములో ఊరి నీళ్ల ట్యాంకు, ధాన్యపు గాదె, గుట్ట ఆకారం పడకుండా చూసుకోవాలి. ఫొటోలో దాగి ఉండే ఉపగ్రహ స్థాన వివరాలు తీసేయాలి. ఒహాయో ఆయన తీసిన దృశ్యాలన్నిటిలో చేనూ, చెట్ల మొదళ్లూ తప్ప ఆకాశరేఖ కనబడదు. అలా తీయడం ఆయనకు అలవాటైపోయింది.

పొరుగున ఉన్న అయోవా రాష్ట్రం సంగతి ఇంకా చిత్రం. అక్కడ పెద్ద పోతులున్నాయి, కానీ బయటి రాష్ట్రాల వేటగాళ్లకు ఏటా పరిమితంగానే అనుమతులిస్తారు, అవీ లాటరీలో. మంచి మండలాల్లో అనుమతి దొరకాలంటే కొన్నేళ్లు పాయింట్లు కూడబెట్టుకుంటూ ఆగాలి. ఈలోగా అయోవాలో స్నేహితులున్నవాళ్లు వేసవిలో కెమెరాతో వెళ్తారు, శరత్కాలంలో స్నేహితుడి పక్క మంచె మీద కూర్చుని అతని వేటను ఫిల్ము తీస్తారు. చెట్టు బోదెకు ఇనుప చెయ్యి బిగించి దాని మీద కెమెరా నిలబెడతారు. కింద కొమ్మ మీద వేటగాడు, పై కొమ్మ మీద కెమెరా మనిషి. కదిలితే ఇద్దరి శ్రమా పోతుంది. వెలుతురు చాలక కెమెరా మనిషి తల అడ్డంగా ఊపాడంటే, పోతు ఇరవై గజాల్లో ఉన్నా బాణం వదలని వేటగాళ్లున్నారు. తీసింది నిజాయతీగా ఉండాలని వాళ్ల పట్టుదల.

పడవ ముందు దీపం

ఈ కెమెరా పిచ్చి యూట్యూబుతో వచ్చిందనుకునేవాళ్లున్నారు. దాని వయసు నూట ముప్పై ఏళ్లు దాటింది. దానికి మూలపురుషుడు జార్జ్ షైరాస్. పెన్సిల్వేనియాలో 1859లో పుట్టాడు. న్యాయవాది, తండ్రి అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి. మిషిగన్ రాష్ట్రంలో సుపీరియర్ సరస్సు దగ్గరున్న మార్కెట్ అనే ఊరు వాళ్ల కుటుంబానికి వేసవి విడిది. ఆ పక్క అడవుల్లో వైట్‌ఫిష్ సరస్సు దగ్గర షైరాస్ చిన్నప్పుడే వేట నేర్చుకున్నాడు.

అక్కడి ఓజిబ్వే తెగవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. రాత్రివేళ పడవ ముందు భాగంలో మంట వెలిగించి, చప్పుడు కాకుండా ఒడ్డు వెంట తెడ్డు వేసుకుంటూ పోతారు. నీళ్లు తాగడానికి వచ్చిన జింక ఆ వెలుగు చూసి కదలకుండా నిలబడిపోతుంది. దాని కళ్లు మెరుస్తాయి, ఆ మెరుపుల మధ్యకు గురి. షైరాస్ 1889 ప్రాంతంలో తుపాకీ పక్కన పెట్టాడు. మంట స్థానంలో దీపం పెట్టాడు, తుపాకీ ఉండాల్సిన చోట కెమెరా పెట్టాడు. మెగ్నీషియం పొడిని భగ్గుమనిపించి ఆ వెలుగులో ఫొటో తీశాడు. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరూ చూడని దృశ్యాలవి. నల్లటి రాత్రి, నీళ్లలో ప్రతిబింబం, కళ్లు విప్పార్చి నిలబడ్డ తెల్లతోక.

అక్కడితో ఆగలేదు. జింక దారికి అడ్డంగా తీగ కట్టాడు. జింక కాలు తగిలి తీగ లాగితే మెరుపు పేలి, కెమెరా తనంతట తానే ఫొటో తీసేది. జింక తన ఫొటో తానే తీసుకుందన్నమాట. ఇవాళ అడవుల్లో చెట్టుకొకటి చొప్పున కట్టిన ట్రయల్ కెమెరాలకు తాత అదే. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫొటోలు 74 ఒకే సంచికలో అచ్చువేసింది. శాస్త్ర పత్రికను బొమ్మల పుస్తకం చేస్తున్నారంటూ ఆ పత్రికను నడిపే సొసైటీ బోర్డు సభ్యులిద్దరు రాజీనామా చేశారు. పాఠకులు మాత్రం ఎగబడ్డారు. ఆ పత్రిక ఇవాళ ఎందుకు ప్రసిద్ధమో ఆలోచిస్తే, ఆ రాజీనామాల విలువ ఏపాటిదో తెలుస్తుంది.

షైరాస్ ఒక్క దఫా కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు. వలస పక్షుల రక్షణ బాధ్యత కేంద్ర ప్రభుత్వం తీసుకోవాలని 1904లో బిల్లు పెట్టాడు. అప్పుడది నెగ్గలేదు, తర్వాత వచ్చిన చట్టాలకు దారి వేసింది. తుపాకీతో అడవిలోకి వెళ్లిన మనిషి కెమెరాతో బయటికొచ్చి చట్టసభలో నిలబడ్డాడు. ఈ వరస నాకు ఎంతో ముఖ్యంగా తోస్తుంది.

మూడు డాలర్ల కొమ్ములు

ఫిల్ము ఎందుకు తీస్తారన్న ప్రశ్నకు విస్కాన్సిన్‌లో అందరూ చెప్పే కథ ఒకటుంది. 1914లో ఈ రాష్ట్రం ఉత్తరాన డాన్‌బరీ దగ్గర జేమ్స్ జోర్డన్ అనే యువకుడు ఒక పోతును కొట్టాడు. కొమ్ముల్ని అలంకరణకు సిద్ధం చేసి ఇస్తానన్న మనిషి చేతిలో పెట్టాడు. ఆ మనిషి ఊరు మారాడు, కొమ్ములు పోయాయి. దశాబ్దాల తర్వాత మిన్నెసోటాలో ఒక పాత సామాన్ల అమ్మకంలో ఎవరో ఆ కొమ్ముల్ని మూడు డాలర్లకు కొన్నారు. కొలిస్తే ప్రపంచ రికార్డు, 206 పాయింట్లు పైచిలుకు. ఎవరు కొట్టారో తెలియదని రాశారు. అది తాను కొట్టిందేనని జోర్డన్ చెప్పుకొచ్చాడు, నమ్మించడానికి చేతిలో ఏమీ లేదు. థియొడోర్ రూజ్వెల్ట్ 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు రికార్డులో ఆయన పేరు 1978లో ఎక్కింది. ఆ మాట ఆయన చెవిన పడలేదు. అంతకు కొద్దిగా ముందే కన్నుమూశాడు. ఆ రికార్డును 1993లో కెనడాలోని సస్కాచెవాన్ రైతు మైలో హాన్సన్ కొట్టిన పోతు 213 పైచిలుకుతో దాటింది.

ఇప్పుడు ఒక పెద్ద పోతు పడేనాటికి దానికి మూడు నాలుగేళ్ల ఫిల్ము చరిత్ర ఉంటోంది. రెండేళ్లప్పుడు ఎలా ఉంది, ఏ ఏడు ఎడమ కొమ్ము విరిగింది, రాలిన కొమ్ములు ఎవరికి ఏ వాలులో దొరికాయి, అన్నీ. ఈ దేశంలో రాలిన కొమ్ములు ఏరడం వసంతంలో కుటుంబమంతా కలిసి చేసే సరదా. మన అడవుల్లో దుప్పి రాల్చిన కొమ్ము అనుమతి లేకుండా ఇంటికి తెస్తే చట్టం ఊరుకోదు.

జేబులోకి వచ్చిన అడవి

ట్రయల్ కెమెరా మొదట్లో ఫిల్ము రీలుతో ఉండేది. తర్వాత మెమరీ కార్డు వచ్చింది. కార్డు తీసుకోవడానికైనా అడవిలోకి నడిచేవాళ్లు. నడిచేటప్పుడు గిట్టల గుర్తులు, పెంటికలు, చెట్టు బెరడు మీద కొమ్ము రాపిడి, రాలిన ఓక్ కాయలు కంటబడేవి. ఇప్పటి కెమెరాలో సిమ్ కార్డుంది. పోతు దాని ముందు నడిచిన క్షణంలో ఆఫీసులో ఉన్న వేటగాడి ఫోను మోగుతుంది. ఇక్కడ నా అభిప్రాయం దాచుకోను. ఇది స్కౌటింగు కాదు. జంతువు ఎక్కడుందో అడవిని అడగకుండా తెలిసిపోతే, అడవి అక్కర్లేకుండా పోతుంది. అరిజోనా రాష్ట్రం 2022 జనవరి నుంచి వేట కోసం ట్రయల్ కెమెరాలు వాడటాన్నే నిషేధించింది. ఎడారిలో నీటి గుంటలు తక్కువ, ప్రతి గుంట చుట్టూ కెమెరాలు పేరుకుపోయి జంతువులకు నీళ్లు కరువయ్యే పరిస్థితి. మిగతా రాష్ట్రాల్లో వాదన నడుస్తోంది. వాదించేవాళ్లలో ముందున్నది వేటగాళ్లేనని గమనించాలి.

అవే కెమెరాలు మంచి చేతుల్లో ఎంత పని చేస్తాయో కూడా చెప్పాలి. విస్కాన్సిన్‌లో స్నాప్‌షాట్ విస్కాన్సిన్ పేరుతో మామూలు పౌరులు తమ పొలాల్లో కెమెరాలు నడుపుతూ ప్రభుత్వ శాస్త్రవేత్తలకు ఫొటోలు ఇస్తున్నారు. మన దేశంలో పులుల గణన కెమెరాల మీదే ఆధారపడింది. 2018 నాటి గణనను ప్రపంచంలోనే అతి పెద్ద కెమెరా ట్రాప్ సర్వేగా గిన్నిస్ నమోదు చేసింది. నల్లమలలో కెమెరా ఏ బాట పక్కన కట్టాలో చెప్పేది ఎవరు? నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో కాపలాకూ, జాడలు తీయడానికీ చెంచులు పనిచేస్తున్నారు. తరతరాల వేట ఇచ్చిన చూపు ఇవాళ పులిని కాపాడుతోంది. మన అటవీ శాఖలు ఆ చూపుకు ఇస్తున్న జీతమూ, గౌరవమూ దాని విలువకు తగ్గట్టు లేవని నా బాధ.

లేక ఒక బాధ, ఎక్కువై ఒక బాధ

1900 నాటికి అమెరికాలో తెల్లతోకలు నాలుగైదు లక్షలకు మించి మిగల్లేదని అంచనా. మాంసం, తోలు వ్యాపారం కోసం ఏడాది పొడవునా విచ్చలవిడిగా చంపారు. ఆ ఏడాదే లేసీ చట్టం వచ్చి, దొంగవేట సరుకును రాష్ట్రాలు దాటించడం నేరమైంది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టంతో వేట తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను డబ్బును వన్యప్రాణి సంరక్షణకే కేటాయించారు. తర్వాత విల్లులూ ఆ జాబితాలో చేరాయి. పన్నును ఇలా సంరక్షణకు మళ్లించాలని అడిగినవాళ్లలో వేటగాళ్లున్నారు. ఇవాళ తెల్లతోకలు సుమారు మూడు కోట్లు.

మూడు కోట్లంటే ఎక్కువే. తోడేళ్లు, పూమాలు లేని చోట అడ్డేముంది? రోడ్ల మీద ఏటా పది లక్షలకు పైగా ఢీకొనే ప్రమాదాలు. ఓక్ మొలకల్ని మొలకగానే మేసేయడం వల్ల అడవికి కొత్త తరం లేకుండా పోతోంది. శివారు ఇళ్లలో ఉండే మన తెలుగువాళ్లు గోంగూర, బెండ మడుల చుట్టూ ఎత్తుగా వలలు కట్టుకుంటున్నది వీటి కోసమే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన ఆల్డో లియోపోల్డ్ 1940ల్లోనే ఈ మాట అన్నాడు, లేళ్లను కూడా వేటాడనివ్వకపోతే అడవి పాడై జింకలు ఆకలితో చస్తాయని. లేడిని కొట్టడమా అని జనం ఆయన మీద విరుచుకుపడ్డారు. కాలం ఆయన పక్షానే నిలిచింది.

పైగా ఒక జబ్బు. క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అంటారు. ప్రియాన్ల వల్ల మెదడు గుల్లబారి, జింక చిక్కి శల్యమై చస్తుంది. మందు లేదు. 1967లో కొలరాడోలో మొదట గమనించారు, 2002లో విస్కాన్సిన్‌లో బయటపడింది. ఒకచోట తిండి కుప్ప పోస్తే జింకలు మూతులు కలిపి జబ్బు పంచుకుంటాయని చాలా కౌంటీల్లో ఎర వేయడం నిషేధించారు. ఆ రాత్రి రైతు ఇంటి వంటగదిలో పెద్ద తెర మీద ఫిల్ము చూస్తున్నప్పుడు ఇద్దరూ ఎక్కువసేపు ఆగింది ఈ జబ్బు లక్షణాల దగ్గరే. తల వంచి నడిచే జింక ఉందా, చెవులు వేలాడుతున్నాయా, డొక్కలు తేలాయా అని. ఒక లేడి దగ్గర ఆపి, మూడుసార్లు వెనక్కి తిప్పి చూశారు. కుంటుతోంది గానీ ఒళ్లు బాగుందని తేల్చుకున్నారు.

ఆ తర్వాత మాట మూడేళ్ల పోతు మీదికి వెళ్లింది. పది పాయలు, అందమైన కొమ్ములు. తన పొలంలో దాన్ని కొట్టనని రైతు అప్పటికే నిర్ణయించుకున్నాడు, ఇంకో రెండేళ్లు బతకనిస్తే పూర్తిగా ఎదుగుతుంది. చిక్కంతా ఏమిటంటే పోతు తిరిగే మేర సుమారు చదరపు మైలు. ఆయన పొలం అందులో నాలుగో వంతు లేదు. తోలు ఊడి గుంపు చెదిరాక అది కంచె దూకి పక్కింటాయన మంచె కిందికి పోతుంది. ఆ పక్కింటాయనకు పదిహేనేళ్ల మనవడున్నాడు, ఈ ఏడే మొదటిసారి మంచె ఎక్కుతాడు.

"వాళ్లకు చూపిద్దామా?" అన్నాడు ఒహాయో ఆయన.

రైతు చాలాసేపు మాట్లాడలేదు. చూపిస్తే పోతు ఎక్కడుందో చెప్పినట్టే. చూపించకపోతే ఆ కుర్రాడికి అది మూడేళ్లదని తెలిసే దారి లేదు. ఇలాంటి చోట్ల ఇరుగుపొరుగు రైతులు కలిసి ఏ వయసు పోతును వదలాలో ఒప్పందం చేసుకోవడం ఇప్పుడు చాలా కౌంటీల్లో ఉంది. వీళ్ల లోయలో అది ఇంకా రాలేదు.

మర్నాడు ఉదయం రైతు ఫోనులోకి ఆ నలభై సెకన్ల ముక్క ఎక్కించుకున్నాడు. ఐదేళ్ల దాని ఫిల్మూ పక్కనే పెట్టుకున్నాడు, తేడా కుర్రాడికి తెలియాలని. "కొట్టొద్దని చెప్పను. వాడి మొదటి జింక, వాడి ఇష్టం. వయసు ఎలా చూడాలో మాత్రం చూపిస్తాను," అని టోపీ తీసుకుని పక్కింటి వైపు నడిచాడు. ఒహాయో ఆయన ట్రక్కులో కెమెరా సర్దుకుంటూ, నవంబరులో తనకు ఫోను చేసి ఏమైందో చెప్పమని వెనక నుంచి కేకేశాడు.